కాటా పోతురాజు పాటల పెట్టె

రాజాంలో పోతురాజు అంటే ఏ పోతురాజు అని అడుగుతారు. కాటా పోతురాజు అంటే మాత్రం ఎవరూ అడగరు. జగన్నాధం షావుకారు ధాన్యం కొట్టులో కాటా దగ్గర నిలబడి రైతుల బస్తాలు తూచేది అతనే. ఆ కొట్టుకి సరిగ్గా ఎదురుగా నా టీ హోటలు. అతని పెళ్ళాం లక్ష్మణమ్మ నా హోటల్లోనే పిండి రుబ్బుతుంది. కాబట్టి పోతురాజు బయట ఏం చేసేదీ నా కళ్ళతో చూశాను, ఇంట్లో ఏం చేసేదీ రుబ్బురోలు దగ్గర విన్నాను. నేను చెప్పేది ఆ రెండూ కలిపి చెప్పేది.

మనిషి పొట్టిగా, గట్టిగా ఉంటాడు. మాట తక్కువ, చూపు ఎక్కువ. అనుమానం ముందు పుట్టి ఆ తర్వాత పోతురాజు పుట్టాడని మా వీధిలో అనేవారు. అందులో అబద్ధం లేదు. ఇన్నేళ్ళుగా నా దగ్గర టీ తాగుతూ ఒక్కనాడు బెంచీ మీద కూర్చోలేదు. పొయ్యి పక్కకొచ్చి, పాలగిన్నెలోకి తొంగిచూస్తూ నిలబడి తాగేవాడు.

"ఏటి సూస్తన్నావు? నీళ్ళు కలిపీసినాననా?" అని ఒకసారి కసిరాను.

"మిమ్మల్ని కాదు బాబూ, పాలోణ్ణి" అన్నాడు. పాలవాడు అక్కడే ఉన్నాడు పాపం.

చేపలమ్మే మరిడమ్మ దగ్గర మొప్పలెత్తి చూసేవాడు, చేప కన్ను నొక్కి చూసేవాడు, అప్పటికీ తృప్తి లేక మరిడమ్మ కళ్ళల్లోకి చూసేవాడు. "నన్ను కూడా వొండుకుంటావేటి?" అని ఆవిడ గంప ఎత్తుకుని పోయేది. ఆసుపత్రిలో ఇచ్చిన బిళ్ళ ముందు తను నాకి, చేదుగా ఉంటేనే మందని నమ్మి పెళ్ళానికి ఇచ్చేవాడు. గుడికి వెళితే చెప్పులు తన కంటికి కనిపించేచోట విప్పి, ఒక కన్ను అటేసి దండం పెట్టుకునేవాడు. దేవుడికి ఉన్న ఓపిక గొప్పదని నేను అనుకునేవాణ్ణి.

ఇంతటి మనిషి లోకం మొత్తంలో అనుమానించనిది ఒక్కణ్ణే, జగన్నాధం షావుకారుని. లక్ష్మణమ్మకి కడుపులో గడ్డ లేచి మనిషి చల్లబడిపోయిననాడు షావుకారు తన కారులో వెనక సీట్లో పడుకోబెట్టి విజయనగరం తీసుకెళ్ళాడు. కారు సీటు పాడైపోయినా ఒక్క మాట అనలేదు. అప్పటినుంచీ పోతురాజుకి ఆయన మాట వేదం. ఆయనిచ్చిన జీతం లెక్కపెట్టకుండా మొలలో దోపుకునేవాడు. నా దగ్గర చిల్లర మాత్రం నాణెం నాణెం తిరగేసి చూసుకునేవాడు. నాకు మండేది.

తుపాను వచ్చి చెట్లన్నీ పడుకోబెట్టిన ఏడాదికి ముందు వానాకాలంలో పోతురాజు ఇంటికి అతని బావమరిది ఉపేంద్ర వచ్చాడు. ఆమదాలవలస స్టేషన్ పక్కన సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడు. బావకోసం ఒక పెట్టె తెచ్చాడు. అరచేతిలో పట్టే వీడియో గేమ్. పుస్తకంలా మడత పడుతుంది, తెరిస్తే పైనొకటి కిందొకటి రెండు తెరలు. వేలితో తాకితే పనిచెయ్యాల్సిన కింది తెర చచ్చిపోయింది. ఎవరో రిపేరుకి ఇచ్చి, ఇక బాగుపడదంటే నువ్వే ఉంచుకో అని వదిలేసి పోయారట.

ఆటలకి పనికిరానిదాన్ని ఉపేంద్ర పాటలకి తిప్పాడు. ఇలాంటి పెట్టెలకోసం కంపెనీతో సంబంధం లేకుండా ఎక్కడెక్కడి కుర్రాళ్ళో ఇంట్లో కూర్చుని సరదాకి సాఫ్ట్‌వేర్లు రాసి, ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకోండని ఇంటర్నెట్టులో పెడతారట. అలాంటిదొకటి దింపి, గోరంత కార్డులో ఎక్కించి, ఆ కార్డులోనే మా వైపు జనం పాడుకునే తప్పెటగుళ్ళ పాటలూ జముకుల కథలూ నింపి, ఆట బిళ్ళ దూర్చేచోట దూర్చాడు. మీట నొక్కితే పాటల పేర్లు వరసగా వస్తాయి. మూత మూసేస్తే తెరలు ఆరిపోతాయి గాని పాట ఆగదు. మూసిన పెట్టె పైఅంచున రెండు మూలలా రెండు మీటలుంటాయి. కుడిది నొక్కితే తర్వాతి పాట, ఎడమది నొక్కితే పాట మళ్ళీ మొదటికి. పక్కన చిన్న ఆకుపచ్చ దీపం. ఛార్జింగ్ అయిపోవస్తే అది ఎర్రబడుతుంది.

పోతురాజు దాన్ని పట్టుకోలేదు, ముందు ఉపేంద్ర మొహంలోకి పరకాయించి చూశాడు.

"ఊరూ పేరూ లేనోడు ఇంట్లో కూకొని సేసిన సరుకు ఊరికే ఎందుకు పంచుతాడ్రా? ఆడికేటి లాభం?"

"ఏటీ లేదు బావా. సరదా."

"సరదాకి ఎవుడైనా పక్కోడికి ఉపకారం సేస్తాడేటి? నాను పాటలింటన్నానా, అది నా మాటలింటన్నాదా?"

ఆ తర్వాత కొన్నాళ్ళు పెట్టెని పాత చీరలో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టాడు. మొగుడూ పెళ్ళాలు ఏదైనా గట్టిగా మాట్లాడుకోవాలంటే పెరట్లోకి వెళ్ళేవారట. ఈ మాట చెప్పినప్పుడు లక్ష్మణమ్మ నవ్వుకి రుబ్బురోలు ఆగిపోయింది.

ఆఖరికి తప్పెటగుళ్ళ మీద ఆశ గెలిచింది. పోతురాజు తాత గుండెకి రేకు తప్పెట కట్టుకుని తొమ్మిదిమంది మధ్య గెంతినవాడు. ఆ దరువు వింటే పోతురాజు కాలు నిలవదు. పెట్టె చొక్కాజేబులోకి ఎక్కింది. తీగ మాత్రం ఒక్క చెవికే. రెండో చెవి లోకానికి వదిలేవాడు. రెండూ ఇచ్చేస్తే ఎవడేమంటున్నాడో తెలీదు కదా.

మా వైపు ధాన్యం తూచేవాడు మొదటి బస్తాని 'ఒకటి' అనడు, 'లాభం' అంటాడు. ఆ తర్వాత రెండు, మూడు. పోతురాజు 'లాభం' అని గొంతెత్తితే వీధి చివరికి వినిపించేది. బరువులు మోసే కళాసీలు బస్తా తెచ్చి కాటా మీద ధబ్బున వేస్తారు, అరుస్తారు, ఆ గోలలో పాట వినబడదు. పాటలో ఒక ముక్క పోయినా పోతురాజు ఊరుకోడు, ఎవరో కాజేసినట్టు బాధ. అందుకని బస్తా పడగానే జేబులో చెయ్యిపెట్టి ఎడమ మీట నొక్కి పాటని మొదటికి తెచ్చుకునేవాడు. ప్రతి బస్తాకీ ఇదే. ఒక్కో పాట పూర్తవడానికి ఒక్కో లోడు పట్టేదేమో తెలీదు. అతనికి మాత్రం సుఖంగా ఉండేది.

ఆ ఏడు కోతలు మొదలయ్యాక గెడ్డవలస రైతులు ధాన్యం తెచ్చారు. వాళ్ళకి పెద్ద చంద్రమౌళి. నేలని నమ్ముకున్న మనిషి, నోరు గట్టి. ఇంటిదగ్గర తూచి కుట్టిన బస్తా ఇక్కడికొచ్చేసరికి నాలుగు కేజీలు తగ్గుతోందని ఆయనకి అనుమానం తగిలింది. తేమ ఆరిందేమో అనుకుంటే రెండు రోజుల్లో నాలుగు కేజీలు ఆరుతుందా? అప్పట్లో ఇలాంటి కరెంటు కాటాలకి రిమోట్లు పెట్టి రైతుల్ని ముంచుతున్నారని ఎక్కడెక్కడివో కబుర్లు పేపర్లో వచ్చేవి. చంద్రమౌళి ఆ పేపరు నా హోటల్లోనే చదివాడు. చదివి, తలెత్తి, ఎదురుగా చూశాడు.

"ఆడు సూడు. బస్తా పడగానే జేబులో సెయ్యెడతన్నాడు."

"పాటలింటాడయ్యా" అన్నాను నేను.

"పాటలినీవోడైతే రెండు సెవుల్లోనూ ఎట్టుకుంటాడు. ఒక సెవిలోనే తీగెందుకు?"

రెండో చెవిని లోకాన్ని అనుమానించడానికి అట్టేపెట్టాడని చెబితే ఎవరు నమ్ముతారు? పక్కనున్న ఇంకొకాయన మరో సంగతి కనిపెట్టాడు. జేబుగుడ్డలోంచి పచ్చదీపం కనిపిస్తే తూకం తగ్గుతోందట, ఎర్రదీపం కనిపిస్తే సరిగ్గా ఉంటోందట. ఎర్రదీపం వచ్చిననాడు పెట్టెకి ఛార్జింగ్ లేదని అర్థం. కాని అనుమానానికి అలాంటి అర్థాలు ఎక్కవు. గెడ్డవలస మొత్తం పచ్చా ఎరుపూ లెక్కలు వేసుకుంటూ నా హోటల్లో కూర్చునేది. టీలు మాత్రం బాగా అమ్ముడుపోయాయి, కాదనను.

ఒకనాడు పొద్దున్న, బస్తా పడింది, పోతురాజు చెయ్యి జేబులోకి వెళ్ళింది, చంద్రమౌళి ఆ చేతిని జేబులోనే గట్టిగా పట్టుకున్నాడు.

"దొరికినావురా!"

పెట్టె లాగి తెరిచారు. పైతెర వెలిగింది. అందులో పాట ఎంతసేపు నడిచిందో చూపించే అంకెలు టకటకా మారుతున్నాయి.

"అంకెలు పరిగెడతన్నాయిరో! కాటా అంకెలే ఇవి!"

"పాట బాబూ, పాట!" అని పోతురాజు చెవితీగ పీకేశాడు. పెట్టెలోంచి తప్పెటగుళ్ళు ధనధనా మోగాయి. ఒక్క క్షణం అందరూ ఆగారు. అప్పుడు వెనకనుంచి ఎవరో అన్నారు, "మనం కనిపెట్టకుండా రిమోటుకి పాటలు కూడా ఎట్టీసినార్రా." తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. పాట వినిపించడం ఇంకో నేరమైంది.

"మా ఉపేంద్రని పిలిపిత్తాను. ఆమదాలవలస నుంచి వస్తాడు. ఇది ఏటో, ఏటి కాదో ఆడు ఇప్పి సూపిస్తాడు. అంతవరకు మీ దగ్గరే ఉంచండి" అని పోతురాజు బతిమాలాడు. న్యాయమైన మాట. చంద్రమౌళి కూడా ఊ అనబోయాడు.

అంతలో జగన్నాధం షావుకారు గద్దె దిగి వచ్చాడు. తెల్లపంచె, విబూది, చేతిలో తాళాలగుత్తి. పెట్టె అందుకున్నాడు, అటూ ఇటూ తిప్పాడు, నేలమీద పెట్టాడు. పాత రోజుల్లో త్రాసుకి వాడిన ఇనపరాయి ఒకటి గుమ్మం దగ్గర ఉండేది. అది రెండు చేతులా ఎత్తి దానిమీద వేశాడు. పాట ఆగిపోయింది. తర్వాత రైతుల వైపు తిరిగి చేతులు జోడించాడు.

"మా నాన్న కాలం నుంచీ ఉన్న మనిషి. బుద్ధి గడ్డి తిన్నాది. నా మొహం సూసి ఒగ్గీయండి. పనిలోంచి తీసీడానికి నాకు మనసొప్పదు. ఇంటిది రోగిష్టిది. ఇప్పుడు మీ సేత్తో మీరే తూసుకోండి."

తూచారు. ఇంట్లో ఎంత ఉందో కాటా మీదా అంతే ఉంది. ఇంకొకటి తూచారు. అదీ అంతే. పెట్టె పగిలింది, తూకం కుదిరింది. ఇంతకంటే రుజువేం కావాలి? రైతులు షావుకారుని ధర్మప్రభువన్నారు. పోతురాజు మొహాన ఒకాయన ఉమ్మబోయి, పెద్దమనిషి ఎదురుగా ఎందుకని పక్కకి ఉమ్మాడు.

పోతురాజు ఏం చేశాడంటారు? వంగి షావుకారు కాళ్ళకి దండం పెట్టాడు. పని నిలిచినందుకు. నా చేతిలో టీ గరిటె ఉంది, అది విసిరేద్దామన్నంత కోపం వచ్చింది నాకు. ఎవరిమీద విసరాలో తెలీక ఊరుకున్నాను.

ఇంటిదగ్గర లక్ష్మణమ్మ ఊరుకోలేదు. "సెయ్యని తప్పుకి సెమాపణ ఏటి మావా? ఆయన నిన్ను ఒగ్గీయమన్నాడంటే నువ్వు సేసినావనే కదా సెప్పినాడు?"

"ఆయన అడ్డం పడకపోతే నన్ను కొట్టీసుందురే."

"కొడితే దెబ్బలు మానిపోవును."

ఆ రోజునుంచి మా వీధి మారిపోయింది. పోతురాజు కనిపిస్తే రైతులు "ఒరే, జేబులు దులుపు" అనేవారు. మరిడమ్మ చేపలిచ్చి చిల్లర తీసుకుంటూ అతని కళ్ళల్లోకి చూడ్డం మొదలుపెట్టింది. పాలవాడు పాత పగ తీర్చుకున్నాడు, "నా పాలల్లోకి సూసీవోడివి, నీ జేబులోకి ఎవులు సూడాల?" అన్నాడు. ఇంతకాలం అనుమానం అతని చేతిలో పనిముట్టు. అది తనమీదికి తిరిగితే ఎలా ఉంటుందో అతనికి అప్పుడే తెలిసింది.

ఉపేంద్ర వచ్చి ముక్కలు ఏరుకున్నాడు. నా హోటల్లో కూర్చుని బావకి చెప్పాడు.

"ఇది దానంతట అది కాటాతో మాటాడలేదు బావా. కాటా కడుపులో దీనికి జత ముక్క ఉండాల. నిజంగా తూకం తేడా వస్తంటే అలాటి ముక్క ఎవుడో ఎట్టుంటాడు. ఆ ముక్కకి జత ఎవుడి దగ్గరున్నాదో సూసుకో."

అంతే, పోతురాజుకి పాత గుణం తిరిగొచ్చింది. తన పెట్టె ఏ పాపమూ ఎరగదు. అయినా అది పగిలిననాడే తూకం కుదిరింది. అంటే ఆనాడు ఎవడో కావాలని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎవడు? కళాసీలని అనుమానించాడు. గుమస్తాని అనుమానించాడు. చంద్రమౌళే పేరుకోసం నాటకమాడాడేమో అనుకున్నాడు. ఆఖరికి ముక్కలేరుకున్న ఉపేంద్రని కూడా, జత ముక్కల సంగతి వీడికెలా తెలుసని అనుమానించాడు. ఇంట్లో ఈ పేర్లన్నీ విని లక్ష్మణమ్మ ఒకటే మాట అడిగిందట.

"అదంతా సరే గాని మావా, ఉపేంద్ర వొచ్చీదాకా ఆగకుండా పెట్టె పగలగొట్టిందెవులు?"

పోతురాజు ఆమెని కొట్టినంత పని చేశాడట. అన్నం తినకుండా లేచిపోయాడట.

కోతల సందడి ముదిరింది. బళ్ళూ ట్రాక్టర్లూ వీధంతా బారులు తీరాయి. దొంగ దొరికాడన్న ధీమాతో రైతులు ఇళ్ళదగ్గర తూచుకురావడం మానేశారు. ఒక మధ్యాహ్నం కాటా మీద రాలిన గింజలు ఊడ్చడానికి పోతురాజు చీపురుతో కాటా బల్లెక్కాడు. వెనక కళాసీలు బస్తా ఈడుస్తున్నారు. షావుకారు గద్దెమీద వీధివైపు తిరిగి ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో తాళాలగుత్తి. ధబ్బుమని చప్పుడైంది. బస్తా నేలమీద పడిన చప్పుడది. కాటా మీద పడిందనుకుని షావుకారు వెనక్కి తిరక్కుండానే గుత్తి మీద బొటనవేలు కదిలించడం పోతురాజు చూశాడు.

పోతురాజు ఎదురుగా అంకెలు మారాయి. నిలబడిన మనిషి నిలబడినట్టే నాలుగు కేజీలు చిక్కిపోయాడు.

అతను దిగి, చీపురు గోడకి ఆనించి, తిన్నగా నా హోటలుకి వచ్చాడు. ఎప్పుడూ కూర్చోని బెంచీమీద కూలబడ్డాడు. టీ ఇస్తే పాలవైపు చూడకుండా తాగాడు. నాకు భయమేసింది. లక్ష్మణమ్మని కేకేశాను. ఇద్దరికీ చెప్పాడు.

"కారులో ఏసుకుని తీసుకెళ్ళినాడు కదే నిన్ను" అన్నాడు పెళ్ళాంతో. మోసం జరిగినందుకు కాదు, ఆ కారుకోసం ఏడ్చాడు.

లక్ష్మణమ్మ చేతికంటిన పిండి గీకుకుంది. తర్వాత అంది, "సెప్పకు మావా. సెప్తే నీ మెడకే సుట్టుకుంటాది. ఆయనతో నిన్నూ కలిపి కట్టీస్తారు. ఉన్న పనీ పోతాది."

"పోతే పోనీ. నా పేరు ఆడి జేబులో ఉండిపోనాది. అది నాకు కావాల."

షావుకారుని అతను 'ఆడు' అనడం నేను వినడం అదే మొదలు.

శుక్రవారం పొద్దున్నే కొట్టు తెరవగానే జగన్నాధం లక్ష్మీదేవి పటం ముందు పళ్ళెంలో తాళాలగుత్తి పెట్టి, పసుపు కుంకుమలు వేసి, హారతిచ్చి, ఆ తర్వాతే గద్దెక్కుతాడు. మా ఊరి షావుకార్లందరికీ ఉన్న అలవాటే. ఆ కాస్సేపే ఆ గుత్తి ఆయన చేతిలో ఉండదు. ఆవేళ గెడ్డవలస ట్రాక్టర్లు వచ్చి ఉన్నాయి. చంద్రమౌళి గుమ్మంలోనే ఉన్నాడు. హారతి వెలిగింది. పోతురాజు కాటా ఎక్కి నిలబడ్డాడు.

"దిగరా, బస్తాలు రావాల" అన్నారెవరో.

"సెంద్రమౌళి బాబూ" అన్నాడు పోతురాజు. 'లాభం' అనే గొంతే అది, వీధి చివరికి వినిపించేది. "ఆవేళ నా జేబులో సెయ్యెట్టినారు. ఇవేళ ఆ పళ్ళెంలో సెయ్యెట్టండి. ఆ తాళాలగుత్తి తియ్యండి."

షావుకారు హారతితోనే ఇటు తిరిగాడు. "పళ్ళెం ముట్టుకోకండి! అమ్మవారి ముందర పెట్టింది, మైలపడతాది!"

చంద్రమౌళి తటపటాయించాడు. పూజపళ్ళెం మీద చెయ్యివెయ్యడం పెద్దమాటే. కాని షావుకారు గొంతులో పలికింది భక్తి కాదు, నాకు హోటల్లోకి వినబడింది, ఆయనకి అంత దగ్గర్లో వినబడదా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది. చంద్రమౌళి చెప్పులు విప్పి, అమ్మవారికి దండం పెట్టుకుని, గుత్తి తీశాడు. దానికి రెండు నల్లబిళ్ళలు వేలాడుతున్నాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

పెద్దది నొక్కాడు. వీధిలో షావుకారు కారు కుయ్యిమంది. జనం గొల్లున నవ్వారు.

చిన్నది నొక్కాడు. కాటా మీద పోతురాజు నాలుగు కేజీలు తగ్గాడు. ఇంకోసారి నొక్కాడు. పోతురాజు మళ్ళీ తన బరువుకి వచ్చాడు. అతను కదల్లేదు, ఊపిరి కూడా బిగబట్టి నిలబడ్డాడు. జనంలో ఎవరూ నవ్వలేదు. చంద్రమౌళి చిన్నపిల్లాడిలా నొక్కుతూనే ఉన్నాడు, మనిషి తగ్గుతూ పెరుగుతూ ఉన్నాడు.

ఇప్పుడు జనం పోతురాజుని భుజాలమీద ఎత్తుకుంటారనుకున్నాను. నేను హోటలు వదిలేసి రోడ్డు దాటి వచ్చిందే అందుకు. చంద్రమౌళి గుత్తి పక్కవాడికిచ్చి పోతురాజు దగ్గరకొచ్చాడు.

"ఎన్నాళ్ళబట్టి తెలుసురా నీకు?"

"మొన్ననే బాబూ. మొన్న మద్దేనం."

"కాటా దగ్గర నిలబడ్డోడికి మొన్నటిదాకా తెలీదు? నీ సేతిలో ఒకటి, ఆయన సేతిలో ఒకటి. నీది పగిలిపోనాది. వాటాల్లో తేడా వొచ్చి ఇవేళ ఆయన్ది బయటెట్టినావు. అంతేనా?"

"అదే" అన్నారు వెనక పదిమంది. "ఇద్దరూ కలిసి తినీసినార్రా."

పోతురాజు నోరు తెరిచాడు. నేను మధ్యలో దూరి అరిచాను. చంద్రమౌళితో కాలర్లు పట్టుకునేదాకా వెళ్ళాను. "నువ్వు టీ అమ్ముకో, నీకేటి వాటా?" అన్నారు నన్ను. ఇంకొక్క మాట మాట్లాడితే నేనూ ముఠాలో కలుస్తానని తెలిసి వెనక్కొచ్చాను.

అధికార్లు వచ్చారు, కాటా విప్పారు, లోపలి ముక్క తీశారు, కాటాకి సీలువేసి పట్టుకుపోయారు. షావుకారు కొన్నాళ్ళు విశాఖపట్నంలో ఉన్నాడు. తర్వాత అదే కొట్టు ఆయన బావమరిది పేరు మీద తెరుచుకుంది. బోర్డు కొత్తది, గద్దె పాతది, గద్దెమీది మనిషీ పాతవాడే. రైతులు మళ్ళీ అక్కడికే వెళుతున్నారు. ఆయన మోసం చేశాడని అందరికీ తెలుసు. షావుకారంటే అంతే కదా అంటారు. పోతురాజునే క్షమించలేకపోయారు, కూలివాడు నమ్మకద్రోహం చేస్తే ఎలాగని.

పోతురాజుని చాలాకాలం ఎవరూ పనిలో పెట్టుకోలేదు. చివరికి శృంగవరపుకోట నుంచి వచ్చి ఇక్కడ కొట్టు పెట్టిన వెంకటరావు, పాత గొడవ వినీ విననట్టు, కాటా దగ్గర పెట్టుకున్నాడు. మొదటిరోజే రైతులు బస్తాలు దించేది లేదన్నారు. "ఆడు తూస్తే మేం తూయించం."

"నిన్ను దొంగవన్నవాళ్ళని ఒక్కమాట అడగవా? ఏం మనిషివయ్యా నువ్వు?" అని ఆ సాయంత్రం అతనిమీద నేను కేకలేశాను.

"ఆళ్ళ తప్పేటున్నాది బాబూ" అన్నాడు పోతురాజు. "కాటా దగ్గర నిలబడ్డోడికి తెలీదంటే ఎవులు నమ్ముతారు? ఆళ్ళలో నానుంటే, నానూ అదే అనుకుందును."

మర్నాడు దర్జీ దగ్గరికెళ్ళి ఉన్న చొక్కాల జేబులన్నీ విప్పించేశాడు. కొత్తగా కుట్టించుకున్నవాటికి జేబు పెట్టొద్దన్నాడు. ఇప్పుడు రోజూ మొదటి బస్తాకి ముందు రైతుల ఎదుట రెండు చేతులూ పైకెత్తి ఒక చుట్టు తిరుగుతాడు. అందరూ చూశాక 'లాభం' అంటాడు. రైతులకి ఇది అలవాటైపోయింది, కొత్తవాళ్ళు నవ్వుతారు.

ఆ మధ్య ఉపేంద్ర అలాంటిదే ఇంకో పెట్టె సంపాదించి, ఆ పాటలే మళ్ళీ వెతికి ఎక్కించి తెచ్చాడు. నా హోటల్లోనే ఇచ్చాడు. పోతురాజు ఏ అనుమానమూ లేకుండా చేతిలోకి తీసుకున్నాడు. తెరిచి చెవి దగ్గర పెట్టుకుని ఒక పాట పూర్తిగా విన్నాడు, కాలు కదిలింది. మూత మూసి బావమరిది చేతిలో పెట్టేశాడు.

"ఎక్కడెట్టుకోనురా?" అన్నాడు.